మా మామ ఒప్పుకున్న ఒకే ఒక్క తప్పు

మా మామ పోయాడన్న కబురు నేను బడిలో పాఠం చెబుతుండగా వచ్చింది. పాకాల నుంచి ఎవరో హెడ్మాస్టరు గదికి ఫోన్ చేశారు. ఆయన నన్ను పిలిపించి, కుర్చీ చూపించి "కూచోమ్మా" అన్నారు. టీచర్లను నిలబెట్టే మాట్లాడే మనిషి కూర్చోమన్నాడంటేనే ఏదో చెడ్డ కబురని తెలిసిపోయింది. డ్యూటీకి బయల్దేరి, చెప్పులు వేసుకుంటూ వాకిట్లోనే కూలబడ్డాడట మామ. ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయిందట.

ఇంటికి పోయి అమ్మకు నేనే చెప్పాను. మామ అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు. చేటలో బియ్యం ఏరుతున్న అమ్మ చేతులు అలాగే ఆగిపోయాయి. "వాడు నాకంటే చిన్నోడు గదా పాపా" అంది, ఎవరో పొరబాటు పడినట్టు. చిత్తూరు నుంచి పాకాలకు పోయే బస్సులో దారంతా ఒకటే మాట అనుకుంటూ కూర్చుంది: "పోయినసారి వచ్చినప్పుడు గూడా వాణ్ని ఎగతాళి చేస్తినే." నేనూ చేశాను. మేమిద్దరం ఆ మనిషిని ఏళ్ల తరబడి దేనికి ఎగతాళి చేశామో, అది నవ్వదగిన సంగతేనా అన్నది నాకు ఆయన పెద్దకర్మ రోజున గానీ తెలియలేదు.

పోయినవాళ్లందరినీ మెత్తని మనుషుల్ని చేసేయడం మనకు అలవాటు కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. మా మామ మెత్తని మనిషేం కాదు. పెద్ద కోతలరాయుడు. పాకాల జంక్షన్‌లో టికెట్లిచ్చే గుమాస్తా. ఆ చిన్న కిటికీలోంచి జనం మీద అరిచి అరిచి ఇంట్లోనూ అదే గొంతు అలవాటైపోయింది. ఇంకొంచెం పప్పు వెయ్యమని అడిగినా బండి కదిలిపోతోందన్నట్టే ఉండేది. పైగా తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. పేకాటలో ఓడితే ముక్కలు కలిపినవాడిది తప్పు. దోసె మాడితే పెనానిది తప్పు. ఒకసారి మా ఇంటికొస్తూ పక్క వీధిలోకి పోయి ఎవరి తలుపో తట్టాడు. తర్వాత మా ఇంటికొచ్చి, "ఈ వీధులన్నీ ఒకే మాదిరి కట్టినోణ్ని అనాల" అని తిట్టుకున్నాడు. ఆయన నోట "నాది తప్పు" అన్న మాట విన్నవాళ్లు మా బంధువుల్లో ఎవరూ లేరు. ఒక్కసారి తప్ప. ఆ ఒక్కసారి గురించే ఇదంతా.

రేడియోలు విప్పడం ఆయనకు చిన్నప్పటి పిచ్చి. ఉద్యోగంలో చేరాక ఆంప్లిఫయర్లు కట్టడం మొదలుపెట్టాడు. మద్రాసు పోయి పార్టులు తెచ్చుకుని, ఆదివారాలు వెనక వరండాలో బల్ల ముందు కూర్చుని అతికేవాడు. ఆయన చొక్కాలన్నీ టంకం పొగ వాసనే. సెట్టు తయారయ్యాక పాట పెట్టి, కళ్లు మూసుకుని, స్పీకరు చెక్క మీద అరచెయ్యి ఆనించి వినేవాడు. ఆ కాసేపు ఎవరూ పలకకూడదు. "దేవుడు చెవులు రెండిచ్చినాడు, నోరు ఒకటే ఇచ్చినాడు, ఎందుకో ఆలోచించు పాపా" అనేవాడు. మా అందరికంటే ఎక్కువ మాట్లాడేది ఆయనే.

ఆయనకు ఉన్న కోరిక ఒక్కటే. రైల్వే ఉద్యోగం వదిలేసి తిరుపతిలో సొంత అంగడి పెట్టాలి. కల్యాణ మండపాల్లో, లాడ్జీల్లో, కాలేజీల్లో తాను చేసిన సెట్లు మోగాలి. ఆ అంగడి గురించి ఎంత వివరంగా చెప్పేవాడంటే, బోర్డుకు ఏ రంగు వెయ్యాలో నాకు కూడా తెలుసు.

ఇక్కడ మా అమ్మ సంగతి కొంచెం చెప్పాలి. వాళ్లమ్మ పోయేసరికి మామ చంటివాడు. అమ్మే చంకన మోసుకుని పెంచింది. పెళ్లయి చిత్తూరు వచ్చేటప్పుడు తమ్ముణ్ని కూడా వెంటబెట్టుకుని వచ్చింది. నాయన ఏమీ అనలేదు గానీ, మా అవ్వకు, అంటే నాయన తల్లికి, అది మొదటి నుంచీ గిట్టలేదు. తర్వాత నాకంటే ముందు పుట్టిన ఇద్దరు బిడ్డలూ పురిట్లోనే పోయారు. అప్పుడు అవ్వ ఒక మాట అనేసింది: "దాని చెయ్యి అచ్చిరాదు."

మా వైపు ఇంట్లోకి కొత్త వస్తువు ఏది వచ్చినా, సైకిలు కానీ కుట్టుమిషను కానీ, పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టాకే వాడతారు. ఆ మొదటి బొట్టు చెయ్యి మంచిదని పేరున్న ముత్తైదువ పెట్టాలి. మా ఇంట్లో అది ఎప్పుడూ అమ్మ కాదు. అవ్వ పక్కింటామెను పిలిపించేది. పసుపు తడిపేది అమ్మ, కర్పూరం వెతికి తెచ్చేది అమ్మ. బొట్టు పెట్టే వేళకు మాత్రం వంటింటి గడప దగ్గరకు పోయి నిలబడేది. కొన్నాళ్లకు ఎవరూ చెప్పకుండానే పోయి నిలబడటం అలవాటైంది. మామ మా ఇంట్లోనే పెరిగాడు కాబట్టి ఇదంతా నిక్కరు తొడుక్కునే వయసు నుంచీ చూస్తూనే ఉన్నాడు.

నేను డిగ్రీ చదివే రోజుల్లో ఆయన మాకొక స్టీరియో ఆంప్లిఫయర్ చేసి తెచ్చాడు. టేకు పెట్టె, పైన వాలుగా నల్లటి రేకు. వాల్యూముకు అందరి మాదిరి గుండ్రంగా తిప్పేది కాకుండా, సన్నటి సందులో కిందికీ పైకీ జరిపే మీట పెట్టాడు. అప్పటికి అది కొత్త. "మద్రాసులో గూడా ఇట్టాంటిది దొరకదు, సూసుకోండి" అన్నాడు, మద్రాసు నుంచి తెచ్చిన మీటను చూపిస్తూ.

అవ్వ పక్కింటామె కోసం మనిషిని పంపబోయింది. మామ అడ్డం తిరిగాడు.

"ఎవురూ రాబళ్లేదు అవ్వా. ఇది నేను జేసిన సెట్టు. మా అక్కే పెట్టాల బొట్టు."

"నీ ఇష్టమప్పా. రేపేమన్నా అయితే నన్ను అడగొద్దు" అంది అవ్వ.

అమ్మ రానంది. మామ ఆమెను చెయ్యి పట్టుకుని గడప దగ్గర్నుంచి లాక్కొచ్చాడు. కుంకుమ అద్దుకుని ఆమె మీట సందుకు పైన ఒక బొట్టు, కింద ఒక బొట్టు పెట్టింది. కళ్లు తుడుచుకుంటూ హారతిచ్చింది. మామ స్విచ్చి వేశాడు. ఇల్లంతా పాటతో నిండిపోయింది. "సూసినావా అవ్వా మా అక్క చెయ్యి!" అని వీధి చివరిదాకా వినపడేలా అరిచాడు. అవ్వ తమలపాకులకు సున్నం రాసుకుంటూ ఉండిపోయింది.

అప్పటి నుంచి ప్రతి శుక్రవారం దేవుడి పటాలయ్యాక అమ్మ ఆ సెట్టుకు బొట్టు పెట్టేది. పాత బొట్టు మీదే కొత్త బొట్టు, నిండుగా. ఆ ఇంట్లో ఆమె చేత్తో మొదలైన వస్తువు అదొక్కటే మరి.

కొన్ని వారాలకు గరగర మొదలైంది. మీట కదపనంతసేపు పాట బాగానే ఉండేది. పెంచబోయినా తగ్గించబోయినా ఇసుక మీద చెప్పు ఈడ్చినట్టు చప్పుడు. కబురందుకుని మామ వచ్చాడు. వస్తూనే చిత్తూరు కరెంటును తిట్టాడు. "ఆడలేక మద్దెల ఓడంట" అని అమ్మ నవ్వింది. అప్పుడు మూత విప్పి, ఎడమ స్పీకరు తీగ కుడికీ, కుడిది ఎడమకూ మార్చి విన్నాడు. రెండు వైపులా గరగరే. పాట ఆపేసి ఉత్త మీట జరిపి విన్నాడు. అప్పుడూ గరగరే. పాట మాత్రమే పోవాల్సిన దారిలోకి లోపలి కరెంటు కొంచెం కారినా మీట ఇలాగే అరుస్తుందని, దాన్ని ఆపాల్సినవి కెపాసిటర్లని నాకు చెప్పాడు. "అరిచేది మీట పాపా, జబ్బు ఇంకో తావున ఉంటాది. అరిచేదాన్ని పట్టుకోని కొడితే ఏం లాభం?" అన్నాడు. మీటరు పెట్టి చూస్తే ఏమీ కారడం లేదు. అయినా మనసు ఒప్పక కెపాసిటర్లు మార్చాడు. చివరికి మీట సందులో నాలుగు చుక్కలు స్పిరిట్ పోసి కిందికీ పైకీ ఆడించాడు. గరగర పోయింది. కెపాసిటర్లదే తప్పని తీర్పిచ్చి పాకాల వెళ్లిపోయాడు.

మళ్లీ వచ్చింది గరగర. ఈసారి ఎర్తు తీగలన్నీ విప్పి కొత్తగా అతికాడు. మీటనే తీసేసి కొత్తది బిగించాడు. కొన్ని శుక్రవారాలు బాగానే మోగింది. ఆ తర్వాత మళ్లీ మామూలే. "ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు గదప్పా" అన్నాడు నాయన, ఎప్పుడూ ఏమీ అనని మనిషి. నేను మాత్రం ఊరుకుంటానా? "నీ సెట్టుకు మళ్లీ గొంతునొప్పి మామా" అని ఉత్తరం ముక్క రాసి పడేశాను.

అప్పుడే తిరుపతి నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. ఆయనకు గుడ్డల అంగడి ఉంది. పక్కనే ఒక గది ఖాళీగా ఉంది. మామతో కలిసి అందులో సెట్లు చేసి అమ్మే అంగడి పెడదామన్న మాట దాకా వచ్చింది. ముందు ఒక సెట్టు వినిపించమన్నాడు. మామ చేసినవాటిలో అన్నిటికంటే మంచిది మా ఇంట్లోనే ఉంది కాబట్టి ఆయన్ను నేరుగా చిత్తూరుకు తీసుకొచ్చాడు. అది శనివారం. ముందురోజు అమ్మ పెట్టిన బొట్లు సెట్టు మీద నిగనిగలాడుతున్నాయి. అమ్మ ఉప్మా చేసింది. అవ్వ మంచం మీద కూర్చుని ఉంది. క్యాసెట్టు పెట్టింది నేను. మీట జరిపింది కూడా నేనే.

గర్రుమంది. అంతకు ముందెప్పుడూ అంత పెద్దగా రాలేదు. ఆ పెద్దమనిషి ఉలిక్కిపడి తల పక్కకు తిప్పుకున్నాడు. "మా ఇంట్లో ఇది మామూలేనండీ" అని నేను నవ్వాను.

"ఒక్క నిమిషమన్నా" అంటూ మామ స్క్రూలు విప్పి మూత తీశాడు. లోపలికి వంగి చూశాడు. పని చేస్తూ ఎప్పుడూ ఎవరినో ఒకరిని తిట్టే మనిషి ఏమీ అనలేదు. చిటికెన వేలు లోపలికి పెట్టి, తీసి, ఆ వేలిని ప్యాంటుకు తుడుచుకున్నాడు. తలెత్తి గడప దగ్గరున్న అమ్మను చూశాడు. తర్వాత మంచం మీదున్న అవ్వను చూశాడు. మూత మళ్లీ పెట్టేశాడు.

"ఏమప్పా, యాడుండాది తప్పు?" అని అడిగాడు పెద్దమనిషి.

"నాదే తప్పున్నా. నాకింకా పని సరిగ్గా కుదర్లేదు" అన్నాడు మామ.

ఇంట్లో అందరం నోళ్లు తెరిచాం. "ఇన్నాళ్లకు ఒప్పుకున్యాడప్పా!" అని అవ్వ పకపకా నవ్వింది. అమ్మకూ నవ్వాగలేదు. నాకైతే అది ఏదో పండగలా ఉంది, మా మామ చేత ఎవరో తప్పు ఒప్పించారని. ఆ పెద్దమనిషి కాఫీ తాగి, "సూద్దాంలే అప్పా" అని లేచాడు. చూడలేదు. ఆ గది ఇంకెవరికో ఇచ్చేశాడని తర్వాత తెలిసింది.

తర్వాతి వారం మామ ఒక నల్లటి వెల్వెట్ గుడ్డ ముక్క తెచ్చి సందు కింద లోపలి నుంచి అతికించాడు. మీట జరిగేంత చీలిక వదిలాడు. ఎందుకని అడిగితే "దుమ్ము పడకుండా" అన్నాడు. మీటను శుభ్రం చేసి బిగించాడు. ఆ తర్వాత ఇప్పటిదాకా ఆ సెట్టు గరగరమన్నది లేదు. "శానా ఏండ్లకు పని నేర్చుకున్యాడు నా తమ్ముడు" అని అమ్మ వచ్చిపోయేవాళ్లందరికీ చెప్పేది. అంగడి మాట మామ మళ్లీ ఎత్తలేదు. మేమే ఎత్తేవాళ్లం. పోయినసారి ఆయన వచ్చినప్పుడు కూడా అన్నం వడ్డిస్తూ అమ్మ అడిగింది: "ఏమిరా, తిరప్తి అంగడి యాడిదాకా వచ్చె?" నేను కిసుక్కున నవ్వాను. మామ కూడా నవ్వి, "ముందు రసం పొయ్యి అక్కా" అన్నాడు.

పెద్దకర్మ రోజు పాకాలలో బంధువుల మధ్య కూర్చుని అమ్మ ఏడుస్తోంది. "పని సరిగ్గా నేర్చుకోనుంటే అంగడి పెట్టుకోని దొర మాదిరి ఉండేవాడే" అని రాగం తీసింది. ఆ మాట విని అత్త, అంటే మామ భార్య, చటుక్కున లేచి నా చెయ్యి పట్టుకుని వెనక వరండాలోకి తీసుకుపోయింది.

"ఆయన ఉన్నన్నాళ్లూ గమ్మునున్నాను పాపా. ఇంక నా వల్ల కాదు. ఆయనకు పని రాక కాదు. ఆ పొద్దు మీ ఇంట్లో మూత తీస్తే లోపలంతా ఎర్రగా ఉండాదంట. కుంకుమ. ఆ సందులోంచి రాలి, మీట జరిగే పట్టీ మీద పేరుకోని ఉన్నిందంట. అంతకు ముందు కొంచెం కొంచెం రాలింది మీట లోపలే ఉండిపోయి కనపళ్లేదంట. ఎన్నిసార్లు బాగుజేసినా మళ్లా శుక్రారం వస్తానే ఉండె గదా."

"అయితే ఆ మాటే చెప్పొచ్చు కదా అత్తా?" అన్నాను.

"నేనూ అదే అడిగి పోట్లాడినాను. చేతికొచ్చిన అంగడి పోయె, ఒక్క మాట అనుంటే ఏం పోయిందని. 'ఏమని చెప్పేదే? ముసలామె ఆడే కూసోనుండాది. మా అక్క పెట్టిన బొట్టుతోనే సెట్టు చెడిందని నా నోటితో నేనే చెప్పాల్నా? ఆ మాట కోసమే గదా ఆమె ఇన్నేండ్లు కాసుకోనుండేది. అంగడి లేకుంటే టికెట్లు కొట్టుకోని బతుకుతాను. మా అక్క మళ్లా పొయ్యి ఆ గడప కాడ నిలబడితే నేను సూడలేను' అన్నాడు. ఎవురికీ చెప్పొద్దని నా చేత ఒట్టేపిచ్చుకున్యాడు."

అత్త కళ్లు తుడుచుకుని లోపలికి పోయింది. నేను ఆయన పనిబల్ల పక్కన నేల మీద కూర్చుండిపోయాను. ఆ పొద్దు ఆ గదిలో మేం అంతమందిమి ఉన్నాం. ఆ మనిషి ఎప్పుడూ అనని మాట అన్నాడే, ఎందుకన్నాడని ఒక్కరమైనా అడగలేదు. అవ్వను తిట్టుకుందామంటే ఆమె పోయి చాన్నాళ్లయింది. పైగా ఆ రోజు నవ్వింది ఆమె ఒక్కతే కాదు. అమ్మ తప్పు ఇందులో ఏముంది? దేవుడికి పెట్టినట్టే తమ్ముడు చేసిన వస్తువుకు బొట్టు పెట్టుకుంది. ఎటు తిప్పి చూసినా నాకు నా నవ్వే వినిపిస్తోంది. పుస్తకాలు చదువుకున్నాను, పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. నాకు చేతనైనదల్లా ఆయన్ను చూసి నవ్వడం.

ఇంటికొచ్చాక అమ్మకు చెబుదామని ఎన్నోసార్లు నోటిదాకా తెచ్చుకున్నాను. చెప్పకపోతే తమ్ముడు చేతకానివాడనే అనుకుంటూ ఉంటుంది. చెబితే తమ్ముడి అంగడి తన చేత్తోనే పోయిందని కుమిలిపోతుంది. ఏది తక్కువ పాపమో నాకు తేలలేదు. చెప్పలేకపోయాను.

అమ్మకు చదువు రాదు. తమ్ముణ్ని బడికి పంపింది గానీ తాను ఎన్నడూ పోలేదు. అందుకే ఈ సంగతి ఇక్కడ రాస్తున్నాను. మా మామ చేసిన సెట్టులో ఏ లోపమూ లేదు. ఆయనకు పని వచ్చు, బాగా వచ్చు. ఈ మాట ఎక్కడో ఒకచోట అచ్చులో ఉండాలి. తిరుపతిలో ఆ పెద్దమనిషి చదివితే మంచిదే. చదవకపోయినా మీరు చదివారు. మీలో మా ఇంటికి వచ్చిపోయే చిత్తూరు వాళ్లెవరైనా ఉంటే చేతులు జోడించి అడుగుతున్నాను, మా అమ్మ దగ్గర మాత్రం ఈ ఊసెత్తకండి.

మొన్న మామ ఫోటోకు ఫ్రేము కట్టించి తెచ్చాను. గోడకు తగిలించే ముందు బొట్టు పెట్టమని కుంకుమ భరిణె అమ్మకిచ్చాను. వేలు అద్దుకుని ఫోటో దాకా తీసుకుపోయి, ఆమె ఆగిపోయింది.

"నువ్వు పెట్టు పాపా. నా చెయ్యి..." అంది. తమ్ముడు కూడా పోయేసరికి అవ్వ అన్న మాట ఆమెకు మళ్లీ నిజమైపోయింది.

"నువ్వే పెట్టాలమ్మా. ఇంకెవరు పెట్టినా మామ ఊరుకోడు" అన్నాను.

అమ్మ ఎడమ చేత్తో, పసిపిల్లవాడి గడ్డం పట్టుకున్నట్టు, ఫ్రేము కింది అంచు పట్టుకుంది. "కదలొద్దురా" అంది. అద్దం మీద ఆయన నుదుటి దగ్గర బొట్టు పెట్టింది.